బతికున్నోళ్ళ చదివింపు

ఎర్రవాగుపల్లెలో వీధి భాగవతం పట్టపగలు ఆడారంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. భాగవతమంటే దీపాలు పెట్టాక మొదలై కోడి కూసేదాకా సాగాలి. ఆ ఏడు ఊళ్ళో కూయడానికి కోళ్ళు లేవు, అన్నీ క్యాంపువాళ్ళ కడుపుల్లోకి పోయాయి. పొద్దుగూకితే గడప దాటకూడదని దండోరా కూడా వేశారు. అందుకని నాటకం మిట్టమధ్యాహ్నం మొదలైంది. ముఖాలకు పూసిన అర్దళం రంగు ఎండకు కరిగి మెడల మీదికి కారింది. దేవుడని లేదు, రాక్షసుడని లేదు, అందరూ కామెర్లు తగిలినవాళ్ళలాగా పచ్చగా కనబడ్డారు.

అప్పటికి స్వరాజ్యం వచ్చి మూడేళ్ళు నిండలేదు. కృష్ణకు ఆవల తెలంగాణాలో యుద్ధం ఇంకా ఆగలేదు. అక్కడ తరిమితే దళాలు నల్లమల దాటి పెద్దారవీడు వైపు దిగుతున్నాయని ఎవరో కబురు మోశారు. ఆ కబురు వెనకాలే రిజర్వు పోలీసులు దిగారు. దళం ఎవరి కంటా పడలేదు గానీ పోలీసులు మాత్రం అందరి కళ్ళలోనూ పడ్డారు. బడిని ఆక్రమించుకున్నారు. కొండ మీదికి మేపుకు పోవద్దన్నారు. ఆడవాళ్ళ చేత పిండి విసిరించుకున్నారు. రోజుకొక గొర్రె వాళ్ళ పొయ్యి ఎక్కాల్సిందే. తెల్లదొర పోయాడని పప్పుబెల్లాలు పంచుకున్న ఊరు, వాడు పన్ను పట్టుకుని పోయేవాడు, వీడు నట్టింట్లో కూర్చున్నాడని నోట్లోనే తిట్టుకుంది.

మాలకొండమ్మ మొగుడు కాటమరాజుకు దళం సంగతి తెలియదు, తెలిసిందల్లా గొర్రెల మంద. పుష్యమాసం చలిలో కొండవాలున మంద వేసుకుని నెగడు కాచుకుంటుంటే, గూడెం నుంచి చెంచు చిన్నమల్లయ్య తేనె తట్టతో వచ్చి పక్కన కూర్చున్నాడు. అడవిలో నెగడు దగ్గరికి ఎవరొచ్చినా నువ్వెవరని అడగరు, జరిగి చోటిస్తారు. అక్కడి మర్యాద అది. ఆ మర్యాదే వాళ్ళ మెడకు చుట్టుకుంది. తెలియనివాళ్ళకు చోటిచ్చారట, అంటే దళానికే ఇచ్చి ఉంటారట. తెల్లవారుజామున పోలీసులు ఇద్దరినీ తాళ్ళతో కట్టి దించారు. దించడం ఊళ్ళో సగంమంది చూశారు.

మాలకొండమ్మ పరిగెత్తుకుంటూ బడి దగ్గరికి పోతే, క్యాంపు ఇన్‌స్పెక్టరు సంజీవరావు అలాంటివాళ్ళెవరూ తన దగ్గర లేరన్నాడు. అడవిలోకి పారిపోయారట. కనబడితే లొంగిపొమ్మని చెప్పమన్నాడు. పారిపోయాడనే మాటకు ఆ రోజుల్లో అర్థం ఒక్కటే. పక్క ఊళ్ళో అట్లా 'పారిపోయినవాడు' వారం తిరక్కుండా అడవిలో శవమై దొరికాడు, పక్కన తుపాకి. పాపం, వాడు బతికుండగా వడిసెల తప్ప ఏదీ పట్టినవాడు కాదు.

అయినా మాలకొండమ్మ ఆశ వదలలేదు. దానికి ఆధారం ఒక ముంత. పొద్దున్నే రెండు జొన్న సంగటి ముద్దలు, మీద ఇంత గోంగూర పెట్టి, బడి వాకిట్లో కాపలావాడి చేతికి ఇచ్చేది. ఎవరికని వాడు అడగడు, ఈమె చెప్పదు. సాయంత్రానికి ముంత ఖాళీగా తిరిగొచ్చేది. రోజూ మాంసం తినే పోలీసు గొల్లదాని సంగటి ఎందుకు తింటాడు? లోపల తినేవాడున్నాడు. రెండు ముద్దలూ అయిపోతున్నాయంటే తినేవాళ్ళిద్దరున్నారు. ఆ ఖాళీ ముంతను ఆమె దేవుడి పటం దగ్గర బోర్లించి పెట్టుకునేది.

అట్లా ఉండగా మార్కాపురం నుంచి తహశీల్దారు వస్తున్నాడన్నారు. ఊళ్ళో శాంతి నెలకొన్నదని ఆయనకు చూపించాలి. శాంతి లేనిచోట శాంతి చూపించాలంటే నాటకం ఆడక తప్పదు గదా. సంజీవరావుది కోస్తా. హార్మోనియం వాయిస్తాడు, పద్యాలు కడతాడు, తానొక రసికుణ్ణని గట్టి నమ్మకం. 'దుష్టశిక్షణ' అని తానే ఒక నాటకం రాశాడు. అందులో అడవిలో దాగిన రాక్షసులను ఒక సేనాపతి వచ్చి సంహరిస్తాడు. సేనాపతి ఎవరో వేరే చెప్పాలా! ఆడేవాళ్ళు కావాలి కాబట్టి ఊరి భాగవత మేళానికి కబురు పోయింది. మేళంలో హాస్యగాడు గురవయ్య, మాలకొండమ్మకు సొంత అన్న.

గురవయ్య ఒప్పుకున్నాడని తెలిసిన రోజున ఊరు అతనితో మాట మానేసింది. మాలకొండమ్మ మానేయలేదు, ఇంటికి పోయి మరీ దులిపింది. చెల్లెలి మొగుణ్ణి మింగినవాడి ముందు గంతులేయడానికి సిగ్గులేదా అని అడిగింది. గురవయ్య తల వంచుకునే, ఒప్పుకోకపోతే కిరీటాల పెట్టె తగలబెట్టి కాళ్ళు విరగ్గొడతామన్నారని చెప్పాడు. తాను పిరికివాణ్ణని అతను ఎన్నడూ దాచలేదు. ధైర్యమున్నవాళ్ళు రాజు వేషం కడతారు, లేనివాళ్ళు హాస్యగాళ్ళవుతారు అని తనమీద తనే వేసుకునేవాడు.

ఆ మాటా ఈ మాటా చెబుతూ అతను చదివింపుల సంగతి ఎత్తాడు. భాగవతం నడుస్తుండగా ఎవరైనా మేళానికి ఏదైనా ఇస్తే ఆట ఆగుతుంది. ఇచ్చినవారి పేరు, ఎవరి పేర ఇచ్చారో ఆ పేరు హాస్యగాడు గొంతెత్తి చదువుతాడు. సభలో పెద్ద చెయ్యెత్తి "నూరేళ్ళు" అని దీవిస్తాడు. సంజీవరావుకు ఇదంతా తెగ నచ్చిందట. నాటకాల పిచ్చి పెట్టిపోయిన తన తండ్రి పేర ఒక శాలువా చదివిస్తానన్నాడట.

"పోయినోళ్ళ పేర చదివింపు లేదు దొరా అని చెప్పినా," అన్నాడు గురవయ్య. "పేరు చదివితే పోయినోళ్ళు వచ్చి మేళం ముందర కూర్చుంటారు, మంగళం పాడిందాకా లెయ్యరు అని చెప్పినా. బెదిరినాడు మే. అప్పట్నుంచి కనబడినోళ్ళకంతా ఈ సంగతే చెప్తన్నాడు, తనకేదో పుట్టుకతో తెలిసినట్ల."

మాలకొండమ్మ తిట్టడం ఆపింది.

"సభలో పెద్ద ఆ పొద్దు ఎవరు అన్నా?"

"ఇంకెవరు, దొరే. పక్కన తాసీల్దారు."

"అయితే మా పొట్టేలును నేను చదివిస్తా. క్యాంపులో ఉండే కాటమరాజు పేర అని చదువు. తాసీల్దారు ముందర, ఊరి ముందర నూరేళ్ళని నోటితో అన్నోడు, మళ్ళ ఆ మనిషిని అడివిలోకి ఎట్ల తోలుకపోతాడు?"

గురవయ్య ముఖం పాలిపోయింది. "నన్ను కాలుస్తారు మే."

"కాల్చనీ. హాస్యగాడు పోతే ఇంకొకడు కడతాడు వేషం. నాకు మొగుడు ఇంకొకడు రాడు."

దొర నూరేళ్ళనకపోతే ఏం చేస్తావని అతను అడిగాడు. అది మాత్రం ఆమె ఆలోచించలేదు. రోజూ ఖాళీ ముంత అందుకునే మనిషికి ఆ ఆలోచన ఎందుకొస్తుంది?

నాటకం రోజున లాఠీలతో తోలి ఊరందరినీ బడి ముందు కూర్చోబెట్టారు. రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో సంజీవరావు, ఇంకొకదాంట్లో తహశీల్దారు. తహశీల్దారు బక్కపల్చని మనిషి, ఎండకు మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఎప్పుడైపోతుందా, ఎప్పుడు జీపెక్కుదామా అన్నట్టున్నాడు.

తెర పట్టారు, మద్దెల మోగింది. ముందు రాక్షసుడొచ్చాడు. ఊరు ఊరంతా ఈలలు వేసింది. కోరలు పెట్టుకున్న కుమ్మరి ముసలాయన తన యాభయ్యేళ్ళ వేషంలో అంత ఆదరణ ఎరగడు. తర్వాత సేనాపతి, కిరీటం కింద ఖాకీ బెల్టు బిగించుకుని వచ్చాడు. ఒక్కడు చప్పట్లు కొట్టలేదు, ఒక్కడు దగ్గనైనా దగ్గలేదు. పీనుగు లేచిన ఇంట్లో ఉన్నట్టు కూర్చున్నారు. సేనాపతి మూడు పద్యాలు పాడి కత్తి దూస్తే రాక్షసుడు కింద పడ్డాడు. పడి, లేచి, ఊరికి దండం పెట్టి మళ్ళీ పడ్డాడు. ఇంకో పోటు పొడిస్తే మళ్ళీ లేచాడు. తహశీల్దారుకు నవ్వాగలేదు. సంజీవరావు చెవులు ఎర్రబడ్డాయి. రాక్షసుడు ఇక లేవకూడదని కుర్చీలోంచే హుకుం వేశాడు. అప్పుడు ఊరంతా నవ్వింది. క్యాంపు పెట్టాక ఊరు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులో ఎంత విషముందో మాలకొండమ్మకు తెలుసు, ఆమె కూడా నవ్వింది కాబట్టి.

ఆట చెడుతున్నదని సంజీవరావు చదివింపులు మొదలుపెట్టమన్నాడు. తానే ముందుగా తహశీల్దారు పేర శాలువా చదివించి, చెయ్యెత్తి నిండుగొంతుతో "నూరేళ్ళు" అన్నాడు. తర్వాత కరణం తన మనవడి పేర పట్టుపంచె చదివించాడు. దానికీ నూరేళ్ళు. దీవించడంలో ఒక రుచి ఉంటుంది గామోసు, సంజీవరావు ముఖం విప్పారింది.

అప్పుడు మాలకొండమ్మ లేచింది. కొమ్ములు మెలితిరిగిన పొట్టేలును లాక్కుంటూ జనం మధ్య నుంచి నడిచి వచ్చి తెర ముందు నిలబడింది. ఆమెను చూడగానే గురవయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. మద్దెల ఆగింది. అతని కాళ్ళ గజ్జెలు వాటంతటవే చిన్నగా మోగడం ముందు వరుసవాళ్ళందరికీ వినబడింది.

"చదువు అన్నా," అన్నది.

గురవయ్య ఒకసారి తహశీల్దారు వైపు, ఒకసారి కాపలావాళ్ళ తుపాకుల వైపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఎర్రవాగుపల్లె కాపురస్తురాలు గొల్ల మాలకొండమ్మగారు, ఇదే బళ్ళో, ఇదే క్యాంపులో, దొరగారి అదుపులో ఉండే తన పెనిమిటి కాటమరాజు పేర, కొమ్ముల పొట్టేలును మేళానికి చదివించినారు. సభలో పెద్దలు దీవించాల."

సంజీవరావు చెయ్యి అలవాటుకొద్దీ పైకి లేచింది. నోరు కూడా తెరుచుకుంది. సగంలో ఆగిపోయింది. అతని చూపు తన కుర్చీకీ తెరకూ మధ్యనున్న ఖాళీ నేల మీద పడింది. చెయ్యి చటుక్కున దించేసుకుని, పాఠం తప్పు చదివిన పిల్లవాణ్ణి మందలించినట్టు గురవయ్యతో అన్నాడు.

"అదెలా కుదురుతుందయ్యా? పోయినవాళ్ళ పేర చదివింపు ఉండదని నువ్వేగా చెప్పావు."

అన్నాక గానీ తానేమన్నాడో అతని చెవికి ఎక్కలేదు. తహశీల్దారు కళ్ళద్దాలు తుడవడం ఆపేశాడు. సంజీవరావు నవ్వబోయి, పోయినవాళ్ళంటే పారిపోయినవాళ్ళని తన ఉద్దేశమని సర్దుకోబోయాడు.

మాటను పట్టుకుని మెలితిప్పడమే హాస్యగాడి పని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గురవయ్య చేసిందదే. భయం ఎక్కడికి పోయిందో గానీ, గొంతు మాత్రం వేషం గొంతే.

"పారిపోయినోళ్ళకు చదివింపు ఉంది దొరా. ఏ అడివిలో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా, బతికుంటే ఉంది. నూరేళ్ళనండి."

సంజీవరావు అనలేదు.

"అనండి దొరా," అన్నాడు చచ్చిపడున్న రాక్షసుడు, పడుకున్నచోటి నుంచే. వెనక నుంచి ఒక ముసలమ్మ అనమంది. పిండి విసిరిన ఆడవాళ్ళందరూ అనమన్నారు. ఎవరూ అరవలేదు, అందరూ మామూలు గొంతుతోనే అడిగారు. ఒక్క మాట, మూడక్షరాలు. ఆ మాటంటే అతని సొమ్మేం పోదు. కానీ పేరు చదవగానే తాను చంపినవాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడన్న భయం అతని గొంతు మీద కాలేసి నిలబడింది. తుపాకులున్నవాడు, ఆ భయం మాత్రం ఊరివాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు.

మాలకొండమ్మకు అర్థమైంది. పొట్టేలు కొమ్ము పట్టుకుని నిలబడింది కాబట్టి పడలేదు. ఏడవాలని ఉంది, అతని ముఖాన ఉమ్మాలని ఉంది. అయినా లోపల ఇంకొక మనిషి ఉన్నాడన్న సంగతి ఆ కోపంలోనూ మరిచిపోలేదు. రెండు ముద్దలు పెట్టిన చేయి అది.

"అన్నా," అన్నది. "పొట్టేలు మా ఆయన పేర పనికిరాదంట. చెంచు చిన్నమల్లయ్య పేర మార్చి చదువు."

గురవయ్య చదివాడు. అర్దళం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి, గొంతు మాత్రం చెదరలేదు. ఇదే బళ్ళో, ఇదే క్యాంపులో, అని మళ్ళీ చదివాడు. సంజీవరావు ఈసారీ నోరు విప్పలేదు. ఊరు అతన్ని వదిలేసి తహశీల్దారు వైపు తిరిగింది.

తహశీల్దారు ధర్మరాజేమీ కాదు. ఆయనకు ఊరి మీద జాలి పుట్టిందని అనుకుంటే అది మన భ్రమ. రేపు కర్నూలు జిల్లా కచేరీలో ఎవరైనా కదిలిస్తే, ఆ మాట జారినప్పుడు పక్క కుర్చీలో ఎవరున్నారన్న ప్రశ్న వస్తుంది. ఆ లెక్క ఆయన కళ్ళద్దాల వెనకాల తేలుతుండడం మాలకొండమ్మ చూసింది. ఎందుకైతేనేం, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నూరేళ్ళు," అన్నాడు, ఎవరికో అప్పజెప్పినట్టు. తర్వాత సంజీవరావు ముఖం చూడకుండానే, ఆ మనిషిని బయటికి తెమ్మన్నాడు, తన జీపులో మార్కాపురం తీసుకుపోతానన్నాడు.

తెచ్చారు. చిన్నమల్లయ్య ఎండకు కళ్ళు తెరవలేకపోతున్నాడు. పెదవి చిట్లి ఉంది. ఇద్దరు పట్టుకుని నడిపిస్తుంటే మాలకొండమ్మ ముందుకు వచ్చేసరికి మొండికేసి ఆగాడు.

"వదినా, అన్న మొదటిరోజే పోయినాడు. నీ ముద్దలు రెండూ నా చేతనే తినిపించినారు. ముంత ఖాళీగా పోవాలంట. వద్దంటే కొట్టి తినిపించినారు."

ఆమెకు దేవుడి పటం దగ్గర బోర్లించిన ముంత కళ్ళముందు కదిలింది. ఒక్క క్షణం ఆ బక్క మనిషిని కూడా ద్వేషించింది, నా మొగుడి ముద్ద తిన్నావు గదరా అని. ఆ క్షణం దాటాక, పైటచెంగుతో అతని పెదవి తుడిచింది.

"రేపు మార్కాపురానికి తెస్తా," అన్నది. "ఒకటే తెస్తా."

జీపు కదిలిన మరుక్షణం సంజీవరావు లేచి నిలబడి, మంగళం పాడి నాటకం ముగించమన్నాడు. అతని గొంతులో తొందర అందరికీ తెలిసింది. గురవయ్య చెల్లెలి వైపు చూశాడు.

"పాడొద్దన్నా," అన్నది మాలకొండమ్మ.

మేళం మంగళం పాడలేదు. తెర మడిచారు, కిరీటాలు పెట్టెలో పెట్టుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం గురవయ్యను బడిలోకి ఈడ్చుకుపోయి కొట్టారు, ఎడమచేయి విరిచారు. అయినా పాడలేదు. తాను పిరికివాణ్ణి కాబట్టే పాడలేదని తర్వాత అనేవాడు. పోయినవాణ్ణి నడిమధ్యలో లేపడానికి ధైర్యం చాలలేదట.

మర్నాటి నుంచి ఎర్రవాగుపల్లె ఇంకో నాటకం మొదలుపెట్టింది. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. బడి ముందు నుంచి పోయేవాళ్ళంతా, కుర్చీ ఎదుట ఉన్న ఆ ఖాళీ చోటు దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని నడిచేవాళ్ళు, కూర్చున్న మనిషి కాళ్ళు తగలకుండా తప్పుకున్నట్టు. మగవాళ్ళు తలగుడ్డ తీసేవాళ్ళు. ఆడవాళ్ళు కడవ ఒంచి కాసిన్ని నీళ్ళు పోసిపోయేవాళ్ళు. పొట్టేలు కూడా, తోలేవాడు మళ్ళించడం వల్లనేమో, అక్కడ చుట్టు తిరిగి పోయేది. పోలీసులు లాఠీ ఎత్తి ఎందుకు తప్పుకుంటున్నారని అడిగితే, మనిషి కూర్చున్నాడు గదయ్యా అని చెప్పేవాళ్ళు. ఖాళీ చోటు తొక్కలేదని ఎవరిమీద కేసు పెడతారు? కొన్నాళ్ళకు కాపలావాళ్ళు కూడా తప్పుకుని నడవసాగారు. సంజీవరావు కుర్చీని వరండాలోకి మార్పించాడు, తర్వాత గదిలోకి మార్పించాడు. హార్మోనియం మోగడం మానేసింది.

ఎండలు ముదిరేసరికి క్యాంపు ఎత్తేశారు. సంజీవరావుకేమైందంటే, ఏమీ కాలేదు. బదిలీ చేశారంతే. అలాంటివాళ్ళకు శిక్ష వేసే కోర్టు ఆ రోజుల్లో లేదు, ఇప్పుడుందని నాకు నమ్మకమూ లేదు. శవాన్ని ఎక్కడ పూడ్చారో చిన్నమల్లయ్యకూ తెలియదు.

లారీలు కురిచేడు దారి పట్టిన పొద్దున, గురవయ్య సొట్టచేత్తోనే తాళాలు పట్టుకుని బడి ముందుకొచ్చాడు. ఊరంతా వచ్చి నిలబడింది. వేషాల్లేవు, తెర లేదు. చాలారోజులు ఆగిపోయిన మంగళాన్ని అతను నిదానంగా, ఒక్క చరణం వదలకుండా పాడాడు.

పాట అయిపోయాక మాలకొండమ్మ ఆ ఖాళీ చోటు దగ్గరికి పోయి వంగింది.

"లెయ్యి," అన్నది. "ఆట అయిపోయింది. ఇంటికి పోదాం."

ముందు తాను కదిలి, వెనకాల వచ్చే మనిషికి అందేటట్టు మెల్లగా నడిచింది.